రెండు గంటల పోటరీ క్లాసు, అందరికీ ప్రమిదలే

కుండ చేయడం నేర్చుకుందామని వెళ్ళేవాళ్ళకి ఈ క్లాసు శుద్ధ దండగ. చుట్టాలందరూ కలిసి వెళ్ళి కడుపుబ్బ నవ్వుకుని రావాలంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. స్టూడియో పేరు రాయడం లేదు. మాదాపూర్, జూబ్లీహిల్స్, కొండాపూర్ చుట్టుపక్కల ఇలాంటివి ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఏది బుక్ చేసినా డబ్బు కట్టేముందు ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నాను.

మనిషికి 1,800 రూపాయలు, రెండు గంటలు. "మీ చేతులతో మీరే ఒక మగ్గు లేదా గిన్నె చేసి ఇంటికి తీసుకెళ్ళండి. ఏప్రాన్, టీ, బిస్కెట్లు మావి" అని ప్రకటన. చిన్నపిల్లలకి సగం టికెట్టు. బుక్ చేసింది మా మరదలు. వాళ్ళ పెళ్ళిరోజు. "ప్రతి ఏడూ బిర్యానీ తిని రావడమేనా బావగారూ, ఈసారి ఏదైనా క్రియేటివ్‌గా చేద్దాం" అంది. మా తోడల్లుడికి బిర్యానీయే కావాలి. కానీ పెళ్ళిరోజునాడు ఆ మాట పైకి అనే మగాడెవడు?

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. మా తోడల్లుడు శంకర్‌పల్లి వైపు ప్లాట్లు అమ్ముతాడు. అంటే ఇద్దరికీ మట్టితో ఎంతోకొంత పరిచయం ఉంది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

వెళ్ళేసరికి అక్కడ మాతో కలిపి ఇరవై మంది ఉన్నాం. మేం ఐదుగురం, టీమ్ ఔటింగ్‌కి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ బ్యాచ్, వాళ్ళ మేనేజరు, ఒక కొత్త జంట. గోడకి వెదురు బుట్టలు, మూలన ఫ్లూట్ మ్యూజిక్, అగరొత్తి వాసన. ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడు మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి. జుట్టు ముడేసుకుని, నలిగిన నార చొక్కా వేసుకుని, మనిషి మనిషికీ నమస్కారం పెట్టాడు. అందరికీ ఒక్కో మట్టిముద్ద ఇచ్చి, చుట్టూ కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు.

"ముద్దని గుండెల దగ్గర పట్టుకోండి. శ్వాస తీసుకోండి. మట్టి మిమ్మల్ని ఏదో అడుగుతోంది. ఏమడుగుతోందో వినండి."

"గజం ఎంత అని అడుగుతోంది బ్రదర్" అన్నాడు మా తోడల్లుడు.

సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌లో సగం మంది అక్కడే ఔట్. ఇన్‌స్ట్రక్టర్ మాత్రం కళ్ళు తెరవలేదు. ఆ ఓర్పుకి నేను మార్కులు వేస్తాను.

ఆ శ్వాస, ధ్యానం, హరప్పా నాగరికత, మళ్ళీ శ్వాస, అన్నీ కలిపి అరగంట. ఆ తర్వాత ఆయన చేసి చూపించడానికి పావుగంట. ఇక మిగిలింది గంటంపావు. చక్రాలు నాలుగున్నాయి కానీ రెండిటి మీద గుడ్డ కప్పి ఉంది, సర్వీసింగ్‌కి వెళ్ళాలట. గంటంపావు, రెండు చక్రాలు, ఇరవై మంది. మనిషికి ఏడున్నర నిమిషాలు. లెక్క వేసి మా ఆవిడకి చెప్తే "ఇక్కడ కూడా క్లాసేనా" అంది. అందుకే నా మొదటి సలహా: బుక్ చేసేముందు ఫోన్ చేసి, పనిచేసే చక్రాలు ఎన్ని, మనుషులు ఎంతమంది అని అడగండి. "పనిచేసే" అనే మాట వదలకుండా అడగండి.

కుమ్మరి సారె మీద పనంతా మొదటి రెండు నిమిషాల్లోనే ఉందని నాకు అక్కడే అర్థమైంది. ముద్దని పలక మధ్యలో గట్టిగా కొట్టి అతికించాలి. చేతులు తడి చేసుకుని, మోచేతులు తొడలకి ఆనించి, తిరుగుతున్న ముద్దని రెండు అరచేతుల మధ్య శంకువు ఆకారంలో పైకి లేపాలి, మళ్ళీ కిందకి అణచాలి. అలా చేస్తూ ఉంటే ఒక దశలో అది ఊగడం మానేస్తుంది. తిరుగుతోందా ఆగిందా అని అనుమానం వచ్చేంత నిలకడగా కనిపిస్తుంది. అప్పుడు బొటనవేళ్ళు దింపి గుంట చేసి, లోపల ఒక చెయ్యి, బయట ఒక చెయ్యి పెట్టి గోడని మెల్లగా పైకి లాగాలి. ముద్ద ఏమాత్రం పక్కకి ఉన్నా గోడ ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా వస్తుంది, పైకి లాగేకొద్దీ ఊగుతుంది, చివరికి కూలుతుంది. ఈ ముద్దని మధ్యకి తెచ్చే విద్య పట్టుబడడానికే కొత్తవాళ్ళకి వారాలు పడుతుంది. ఏడున్నర నిమిషాల్లో ఎవరికీ రాదు.

"ముందు సెంటరింగ్ రావాలి సార్, అదే అసలు కష్టం" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్.

"ముందే చెప్తే మా సెంటరింగ్ మేస్త్రీని తీసుకొచ్చేవాణ్ణి కదా" అన్నాడు మా తోడల్లుడు.

మరి ఇరవై మందికీ ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కాబట్టి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ముద్దని మధ్యకి తెచ్చేదీ, గుంట చేసేదీ, గోడ లాగేదీ అన్నీ ఇన్‌స్ట్రక్టరే. మన చేతులు మట్టి మీద ఉంటాయి, ఆయన చేతులు మన చేతుల మీద ఉంటాయి. మనం ఏమీ చేయకూడదు. చేస్తే పాడవుతుంది. ఆ సమయంలో ఒక అమ్మాయి ఎదురుగా నిలబడి ఫోన్‌లో రీల్ తీస్తుంది, "సార్, కిందకి చూసి నవ్వండి" అంటూ. ఆ రీల్ చూసిన మా కాలేజీవాళ్ళు నేను ఎప్పట్నుంచో కుండలు చేస్తున్నాననుకున్నారు.

ఆయన చెయ్యి తీసిన మరుక్షణం మన అసలు విద్య బయటపడుతుంది. మా ఆవిడ పూలకుండీ చేస్తానని కూర్చుంది. గోడ జానెడు లేచింది. "ఇక మీరు ఒక్కరే మేడమ్, ప్రేమగా" అని ఆయన లేచాడు. అంతే, ఒకపక్క తడిసిన అప్పడంలా వాలిపోయింది. కోసి గిన్నె చేశాడు. గిన్నె అంచు చిరిగింది. ఇంకా కోసి ప్రమిద చేశాడు. కొత్త జంటకీ అదే జరిగింది. సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌లో బీర్ మగ్గు కావాలన్న కుర్రాడికీ అదే జరిగింది. కూజాగా పుట్టినా, మగ్గుగా పుట్టినా, చివరికి నూటికి తొంభై ప్రమిదలే అయ్యాయి. "మినిమలిస్ట్ బౌల్" అని ఓదార్చాడు ఇన్‌స్ట్రక్టర్. దీపావళికి మా అపార్ట్‌మెంట్ గేటు ముందు బండి మీద ఇవే డజను లెక్కన అమ్ముతారు, ఇంతకంటే గుండ్రంగా ఉంటాయి.

రెండో చక్రానికి ఒక జబ్బుంది. పెడల్ కొంచెం తొక్కితే తిరగదు, ఇంకొంచెం తొక్కితే పూర్తి స్పీడు. మధ్యలో ఏమీ లేదు. మా తోడల్లుడి వాటాకి అదే వచ్చింది. మనిషి బుల్లెట్ బండి నడిపే అలవాటులో ఒక్కసారిగా తొక్కాడు. ముద్ద సరిగ్గా అతుక్కోలేదేమో, పలక మీంచి లేచి, రీల్ తీసే అమ్మాయి చెవి పక్క నుంచి వెళ్ళి, సాఫ్ట్‌వేర్ మేనేజర్ గారి తెల్ల ప్యాంటు మీద, మోకాలికి కాస్త పైన, తప్పుమని పడింది. రెండు క్షణాలు గదంతా నిశ్శబ్దం. తర్వాత ఆయన టీమ్ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో అప్రైజల్ బాధలన్నీ వినిపించాయి. ఆ మేనేజరు కూడా సరదా మనిషే, "సారీ బ్రదర్" అంటున్న మా తోడల్లుడికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, శంకర్‌పల్లిలో రేటు ఎంతుందో అడిగాడు. ఇద్దరూ మూలకి వెళ్ళి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. మనవాడు తన వంతు కోల్పోయాడు కానీ బాధపడలేదు.

నా వంతు వచ్చి, ఆయన చేతుల కింద నా మగ్గు లేచి, దాన్ని తీగతో కోసి పక్కన పెట్టారో లేదో, వాన మొదలై కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లు, ఫ్లూట్ మ్యూజిక్ పనిచేస్తాయి. చక్రాలు పనిచేయవు. తెనాలి దగ్గర మా ఊళ్ళో కుమ్మరి ఇంటిముందు సారె ఉండేది, బండిచక్రమంత బరువు. కర్ర పెట్టి నాలుగు తిప్పులు తిప్పి వదిలితే కుండకి మెడ వచ్చేవరకు ఆగకుండా తిరిగేది. ఆ సంగతి చెబితే ఇన్‌స్ట్రక్టర్ "వావ్ సార్, సస్టెయినబుల్" అన్నాడు.

చక్రాలు ఆగాక "ఇప్పుడు హ్యాండ్ బిల్డింగ్" అని తలా ఒక ముద్ద ఇచ్చారు, ఏం కావాలంటే అది చేసుకోమని. నిజం చెప్పాలంటే క్లాసు మొత్తంలో బాగున్నది ఈ భాగమే. ఎవరి చేతి మీదా ఎవరి చెయ్యీ లేదు. మా మరదలి కొడుకు, రెండో తరగతి, ఎవరినీ ఏమీ అడగకుండా ఒక బల్లిని చేశాడు. తోక మెలిక తిరిగి, వేళ్ళు విడివిడిగా, చూస్తే భయం వేసేలా. "పెదనాన్నా, గోడకి అంటిస్తా చూడు" అని నిజంగానే అంటించాడు. రీల్ తీసే అమ్మాయి అరిచిన అరుపుకి ఫ్లూట్ కూడా వినబడలేదు. సంబరంలో వాడు వెనక్కి తిరిగితే వాడి మోచెయ్యి తగిలి, బీర్ మగ్గు కుర్రాడు బతిమాలి రెండోసారి చేయించుకున్న గిన్నె నేల మీద పడింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకి ఒక పెట్టు అని ఊరికే అన్నారా.

మా ఆవిడ ఇడ్లీలు చేసింది. ప్లేటు, ప్లేట్లో నాలుగు ఇడ్లీలు, పక్కన చట్నీ గిన్నె. చాలా నిండుగా, గుండ్రంగా వచ్చాయి. అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఈ ఇడ్లీల కథ ఇంకా ఉంది.

మట్టి పిసికి ముద్దలు చేసి ఇచ్చే ఆయన ఒకరు మూలన ఉన్నారు. బల్ల మీద ముద్దని అరచేత్తో తోసి, కాస్త తిప్పి, మళ్ళీ తోసి, చూస్తూ కూర్చోవాలనిపించే పని. ఏ కుమ్మరుల ఇంటి మనిషో, తరతరాల విద్యో అనుకుని, దగ్గరికెళ్ళి గౌరవంగా అడిగాను.

"లేదు సార్. ముందు పరోటా మాస్టర్ దగ్గర చేశా. ఇక్కడ పొయ్యి వేడి ఉండదని వచ్చా" అన్నాడు.

మొత్తం స్టూడియోలో సూటిగా సమాధానం చెప్పిన మనిషి ఆయనొక్కడే. గట్టి ముద్దనీ మెత్తటి ముద్దనీ కలిపి సమంగా చేయడం ఎలాగో కూడా ఆయనే చూపించాడు. ఈసారి రెండు గంటలూ ఆయన పక్కన కూర్చోబెడితే 1,800 సంతోషంగా ఇస్తాను.

నా మగ్గుకి చెవి పెట్టుకోవాలి. చిన్న మట్టి కడ్డీ చుట్టి ఇచ్చి "ఇలా నొక్కేయండి సార్" అంది రీల్ తీసే అమ్మాయి. నాకు తెలిసినంతవరకు అతికే రెండు చోట్లా సూదితో గీతలు గీయాలి, ఆ గీతల మీద పల్చటి మట్టిపూత రాయాలి, మగ్గూ చెవీ రెండూ ఒకే తడితో ఉండాలి. ఎందుకంటే మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ఒకటి ముందు ఆరి, ఇంకోటి వెనక ఆరితే రెండూ విడిపోతాయి. ఇది అడిగితే "పర్లేదు సార్, అంటుకుంటుంది" అంది. పరీక్ష ముందు మా పిల్లలు చెప్పే "పాసవుతుంది సార్" కూడా సరిగ్గా ఇదే గొంతుతో వస్తుంది.

టీ గురించి ఏం చెప్పాలి, చిన్న కాగితం కప్పు. అంత మట్టి సామాను మధ్య కాగితం కప్పు.

అప్పుడే ఇన్‌స్ట్రక్టర్ అమ్మకానికున్న కూజాలు చూపించాడు. లోపలా బయటా నీలం గ్లేజు, నిగనిగలాడుతూ, ఒక్కోటి 2,400. "ఇందులో నీళ్ళు ఫ్రిజ్ కంటే చల్లగా ఉంటాయి" అన్నాడు. ఎలా అని అడిగాను. ఎండాకాలం రోడ్డు పక్కన అమ్మే కుండలో నీళ్ళు చల్లబడేది సన్న రంధ్రాల్లోంచి నీరు ఊరి, పైన ఆవిరై, లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. గ్లేజు అంటే గాజుపూత. రంధ్రాలన్నీ మూసేస్తుంది. ఆవకాయ జాడీకి ఆ పూత ఉండేది నూనె బయటికి ఊరకుండా ఉండటానికే. మరి ఇందులో నీళ్ళు ఎలా చల్లబడతాయి? ఆయన కాస్త ఆలోచించి, "ఎనర్జీ సార్" అన్నాడు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగేసింది.

కాల్చి ఇవ్వడానికి మూడు వారాలన్నారు. అందులో తప్పులేదు. పచ్చి మట్టి నీడన మెల్లగా ఆరాలి. తర్వాత 900 నుంచి 1,000 డిగ్రీల దగ్గర ఒక కాల్పు. వాళ్ళు వాడేది ఎక్కువ వేడి మీద గట్టిపడే స్టోన్‌వేర్ మట్టి కాబట్టి, గ్లేజు పూశాక 1,200 డిగ్రీల పైన రెండో కాల్పు కావాలి. మన చెరువుమట్టి కుండని అంత వేడిలో పెడితే వంగిపోతుంది. మూడు వారాలన్నది రెండు నెలలైంది. ఫోన్ చేసినప్పుడల్లా "కిల్న్ ఫుల్ సార్", అంటే కాల్చే కొలిమి ఖాళీ లేదని. పైగా మన 1,800లో వచ్చేది మొదటి కాల్పు ఒక్కటేనట. గ్లేజుకి వస్తువుకి ఇంకో 500. ఈ సంగతి బుకింగ్ అప్పుడు చెప్పలేదు. గ్లేజు లేని మగ్గులో టీ పోస్తే కాసేపటికి బల్ల మీద చెమ్మ గుండ్రంగా పడుతుంది, అంటే తాగడానికి పనికిరాదు. ప్రకటనలో "మగ్గు" అని రాసి పెన్నులు పెట్టుకునే స్టాండు ఇవ్వడం నాకు నచ్చలేదు. మొత్తం వ్యవహారంలో నవ్వు రాని చోటు ఇదొక్కటే.

ఈలోగా ఒకరోజు మా ఆవిడకి వాట్సాప్ మెసేజ్ వచ్చింది: "మేడమ్, సారీ, మీ ఇడ్లీలు కిల్న్‌లో పేలిపోయాయి. పక్కన ఉన్న రెండు బౌల్స్ కూడా పోయాయి."

గాలి బుడగల వల్ల అని కింద రాశారు. చాలామంది అదే అనుకుంటారు. అసలు దోషం తడిది. నిండు ముద్ద పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. కొలిమిలో వేడి వంద డిగ్రీలు దాటగానే ఆ నీరు ఆవిరవుతుంది. బయటికి దారి దొరక్కపోతే వస్తువుని పగలగొట్టుకుని వస్తుంది. అందుకే మందంగా చేసిన బొమ్మల్ని కింద నుంచి తొలిచి డొల్ల చేయాలి, బాగా ఆరనివ్వాలి. ఆ ఒక్క ముక్క ఇన్‌స్ట్రక్టర్ చెప్పి ఉంటే మా ఇడ్లీలు బతికేవి, ఆ రెండు గిన్నెలూ బతికేవి. హరప్పా గురించి చెప్పిన టైములో పదో వంతు చాలు. ఇదంతా మా ఆవిడకి వివరిస్తుంటే ఆమె మెసేజ్ వంక, నా వంక చూసి, "మీరు మాత్రం ఇడ్లీలు గట్టిగా ఉన్నాయని అనకండి" అంది. నేనేమీ అనలేదు. పాతికేళ్ళ సంసారం.

పార్సెల్ వచ్చిన రోజు మరో వినోదం. నా పొట్లంలో మగ్గు ఒక బబుల్ కవర్లో, చెవి ఇంకో బబుల్ కవర్లో, విడివిడిగా, చాలా జాగ్రత్తగా చుట్టి పంపారు. బల్లి క్షేమంగా వచ్చింది, తోక చివర తప్ప. మా మరదలికి ప్రమిద. మా ఆవిడకి ప్రమిద, చట్నీ గిన్నె, ఇడ్లీలు లేని ప్లేటు. మా తోడల్లుడికి మాత్రం, చక్రం మీద ఏమీ చేయని మనిషికి, నడుము సన్నంగా, అంచు సమంగా ఉన్న ఒక ముచ్చటైన పూలకుండీ వచ్చింది. అడుగున ఎవరివో ఇంగ్లీషు పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. తిరిగి ఇచ్చేయమని మా మరదలు, "నా టికెట్టుకి వచ్చింది నాదే" అని ఆయన. స్టూడియోకి ఫోన్ చేస్తే "ఎవరూ అడగలేదు సార్, ఉంచుకోండి" అన్నారు. ఇప్పుడు వాళ్ళ టీవీ పక్కన మనీప్లాంట్‌తో ఉంది. వచ్చినవాళ్ళందరికీ తనే చేశానని చెప్తున్నాడు.

మీరు బుక్ చేస్తే, చక్రాల లెక్కతో పాటు గ్లేజు, రెండో కాల్పు ధరలో ఉన్నాయా అని అడగండి. పేరు వస్తువు అడుగున మీ చేత్తో మీరే చెక్కండి, స్టిక్కర్లు కాల్పులో ఉండవు. గోళ్ళు కత్తిరించుకుని వెళ్ళండి, చీర వద్దు. నిజంగా నేర్చుకోవాలని ఉంటే ఈ రెండు గంటల టికెట్లు వదిలేసి, వారానికి రెండు మూడు రోజులు, ఒక్కొక్కరికి ఒక్కో చక్రం ఇచ్చి, నెలల తరబడి నేర్పేవాళ్ళ దగ్గర చేరండి. ఖర్చు ఎక్కువే, కానీ అక్కడ మీ ముద్దని మీరే పాడు చేసుకుంటారు.

క్లాసుగా చూస్తే ఐదుకి రెండు. ఆ రెండులో ఒకటి పరోటా మాస్టర్ శిష్యుడికి. రేటింగ్ ఇస్తే తర్వాతి వర్క్‌షాప్‌కి పది శాతం తగ్గింపు అని స్టూడియో నుంచి మా అందరికీ మెసేజ్ వచ్చింది. నేనింకా ఇవ్వలేదు. మా తోడల్లుడు అప్పుడే ఐదుకి ఐదు ఇచ్చేసి, "మొదటిరోజే ఇంత బాగా వస్తుందనుకోలేదు" అని రాసి, ఆ పూలకుండీ ఫొటో పెట్టాడు.